నాలుగో వార్డులో అందరూ బాగున్నారు

మహారాజశ్రీ విచారణ సంఘం వారి దివ్య సముఖానికి, పంట్లపాలెం తేలియాడే పురపాలక సంఘం, వృద్ధ సేవా విభాగం, నాలుగో వార్డు సహాయకుడు యర్రంశెట్టి తేజోమూర్తి, బీఎస్సీ, సాష్టాంగపడి చేసుకునే మనవి.

ముందుగా క్షమాపణలు. నా దగ్గర ఎన్నుంటే అన్నీ. ఈ దినచర్య పుస్తకం మీద చేపల పులుసు మరకలు ఉన్నందుకు క్షమించండి. నా చేతిరాతకు క్షమించండి. నాలాంటివాణ్ణి ఉద్యోగంలోకి తీసుకోవాల్సిన దుస్థితి ఈ ఊరికి పట్టినందుకు క్షమించండి. నా పుట్టుకకు కూడా క్షమించండి. ఆ విషయంలో మా అమ్మానాన్న తమరిని ముందుగా సంప్రదించి ఉండాల్సింది. సముద్రం పొంగి మన ఊళ్ళు మునిగినందుకు సైతం ఇందుమూలంగా క్షమాపణ చెబుతున్నాను. అప్పటికి నేను పుట్టలేదు నిజమే, కానీ ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు, ఆ లోటు ఉండిపోకూడదు.

తమరు అడిగిన పేజీలు ఇవిగో.

నవంబరు 2

నాలుగింటికే లేచి వంతెనల మీద పాచి గీకాను. పద్నాలుగు వంతెనలు. రాత్రి ఆటుపోట్లకు ఇళ్ళను మోసే పంట్లు కిందకీ పైకీ అయి రెండు చోట్ల చెక్కలు ఊడాయి, బిగించాను.

తర్వాత కాలిగోళ్ళు. పెద్దల కాలిగోళ్ళు తీయడం పురపాలక సేవల పట్టికలో పదమూడో అంశం. నేను మూడేళ్ళు రసాయన శాస్త్రం చదివింది దీనికేనని మా నాన్న అందరికీ చెబుతూ ఉంటాడు.

మొదటి ఇల్లు పదిహేడో పంటు. నల్లా సత్యవేణి గారు, ఎనభై ఒక్క ఏళ్ళు. ముప్పై ఏళ్ళు లాంచీ నడిపారు. నీళ్ళొచ్చిన ఏడాది మునిగిపోతున్న ఇళ్ళను పంట్ల మీదకెక్కించి, ఒక్కొక్కటీ లాక్కొచ్చి, ఇక్కడ ఒకదానికొకటి కట్టింది ఆవిడ లాంచీయే. ఈ ఊళ్ళో సగం ముడులు ఆవిడవే. ఇప్పుడు మోకాళ్ళు ఊరగాయ జాడీల్లా వాచి ఉన్నాయి. గోళ్ళు తీయడానికి పాదం నా ఒళ్ళో పెట్టుకుంటే పళ్ళు బిగబట్టి, "నెమ్మదిగా కొయ్యరా, అది కాలు, కొబ్బరికాయ కాదు" అన్నారు.

సరిగ్గా అప్పుడే గుమ్మం మీది పెట్టెలోంచి కుశల పలకరించింది. మా వార్డులో నలభై ఆరుగురు పెద్దలు. రోజూ ఆరింటికి మొదలుపెట్టి ఏడింటికల్లా అందరినీ ఒక్కొక్కరినే పలకరించడం కుశల అనే యంత్రం పని. తీయటి ఆడపిల్ల గొంతు.

"నమస్కారమండీ సత్యవేణి గారూ. ఎలా ఉన్నారు? ఏమైనా ఇబ్బందిగా ఉందా?"

"బాగానే ఉన్నానమ్మా! నాకేంటి, దుక్కలా ఉన్నాను. నువ్వు కాఫీ తాగావా?"

"నేను బాగున్నానండీ. శుభదినం."

పెట్టె ఆగింది. సత్యవేణి గారు నా వైపు తిరిగి, "చచ్చిపోతున్నాన్రా తేజా ఈ మోకాళ్ళతో. రాత్రంతా కునుకు లేదు" అన్నారు.

నవంబరు 6

గుమ్మాలకు నోటీసులు అంటించమన్నారు. అంటించాను. జిగురు బాగా పనిచేసింది, దురదృష్టం.

విషయం ఇది. ఆస్పత్రి పంటును ఆనుకుని ఉన్న లోపలి వరసలో చోటు తక్కువ. సాయం అవసరమైన పెద్దల ఇళ్ళు అక్కడ ఉండాలి. ఆరో వార్డులో మంచాన పడ్డవాళ్ళు చోటు కోసం ఎదురుచూస్తున్నారు. కాబట్టి ఏ ఇబ్బందీ లేనివాళ్ళ ఇళ్ళను విప్పి, లాగి, అంచు వరసలో కడతారు. అంచు వరస అంటే సముద్రం వైపు. అక్కడ వంతెనలకు పట్టుకునే కమ్మీ ఉండదు, ఇల్లు పగలూ రాత్రీ ఊగుతుంది, ఆస్పత్రికి తొమ్మిది వంతెనలు దాటాలి.

ఎవరికి ఇబ్బంది లేదు? కుశలను అడిగారు. కుశల దగ్గర రికార్డు ఉంది. మా వార్డులో పంతొమ్మిది మంది ఏడాదిగా ఒక్క రోజూ తప్పకుండా బాగున్నారు. అందరికంటే ఎక్కువ బాగున్నది సత్యవేణి గారు.

నోటీసు కింద సన్న అక్షరాల్లో ఒక దారి ఉంది: ఇరవై నాలుగో తేదీలోపు ఒక్కసారైనా "నాకు ఫలానా ఇబ్బంది ఉంది" అని పెద్దలు తమ నోటితో కుశలకు చెబితే ఇల్లు కదపరు. ఇరవై అయిదున లాంచీ వస్తుంది.

ఒక్క వాక్యం. ఇంకేం, అయిపోయిందనుకున్నాను. నా వయసు ఇరవై మూడు, క్షమించాలి.

నవంబరు 7

సత్యవేణి గారికి, పక్క పంటు పురుషోత్తం మాస్టారికి మధ్య ఒక తాడు, తాడు మీద ఒక బుట్ట. మాస్టారికి ఎనభై నాలుగు, కళ్ళకు అన్నీ మంచులో ఉన్నట్టే కనిపిస్తాయి. ఆగస్టులో ఒకసారి ఆ మాట కుశలతో చెప్పారు కనక ఆయన పేరు జాబితాలో లేదు. పొద్దున ఆయన బుట్టలో పేపరు పెట్టి పంపుతారు, ఆవిడ తన అరుగు మీద కూర్చుని గట్టిగా చదువుతారు, ఆయన తన అరుగు మీద కూర్చుని వింటారు. పేపరు తిరిగి వెళ్ళేటప్పుడు బుట్టలో కూర ఉంటుంది. పన్నెండేళ్ళుగా ఇదే.

"ఏవండీ, ఇరవై అయిదు తర్వాత పేపరు ఎలాగండీ?" అని మాస్టారు అటునుంచి అడిగారు.

"మీరు తాడు పొడుగు చేయించుకోండి మాస్టారూ" అన్నారు ఆవిడ ఇటునుంచి, పేపరు లోంచి తలెత్తకుండా.

ఇద్దరూ నవ్వారు. తర్వాత ఆవిడ అదే వార్త రెండుసార్లు చదివారు. ఆయన రెండుసార్లూ విన్నారు.

నవంబరు 9

మా సూపర్‌వైజరు హైమావతి గారి దగ్గరకు వెళ్ళాను. సత్యవేణి గారి మోకాళ్ళ వాపు కొలత, ఆస్పత్రి చీటీ, నా వాంగ్మూలం, మూడూ బల్ల మీద పెట్టాను.

"నీ మాట చెల్లదయ్యా" అన్నారు. "పెద్దల మాటే తుది మాట. అది చట్టం. ఎందుకు పెట్టారో తెలుసా? ఇదివరకు మీలాంటి సహాయకులే కుర్చీలోంచి లేవకుండా రాసేసేవారు, ఈవిడ మంచాన పడిందని, ఆయన పరిగెడుతున్నాడని. పెద్దవాళ్ళని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఇప్పుడు అడుగుతున్నాం."

"వాళ్ళు అబద్ధం చెబుతున్నారు మేడమ్."

"ఎనభై ఏళ్ళ మనిషి అబద్ధం చెబుతోందని రాసిస్తావా? సంతకం పెట్టి?"

పెట్టలేదు. ఆవిడ చెడ్డమనిషి కాదు. వెళ్తుంటే పిలిచి, "ఒక్క మాట చెప్పించవయ్యా, నేను చూసుకుంటాను" అన్నారు.

నవంబరు 12

వార్డు సమావేశపు పంటులో పంతొమ్మిది మందికీ ఫిర్యాదు చేయుట అనే అంశంపై శిక్షణ తరగతి నిర్వహించాను. నేనే ఉపన్యాసకుణ్ణి, నేనే కుశలను, నేనే టీ ఇచ్చేవాణ్ణి.

"'నాకు' అని మొదలుపెట్టండి" అన్నాను.

ఇరవై రెండో పంటు లచ్చయమ్మ గారు లేచారు. "నాకు..." గొంతు సవరించుకున్నారు. "నాకు తెలిసి ఈ సత్యవేణి మోకాళ్ళు బొత్తిగా పోయాయి బాబూ."

"ఆవిడవి కాదండీ, మీవి. మీకేమైంది?"

"నాకేముంది, రేపో మాపో పోయేదాన్ని. బాగానే ఉన్నాను."

"మరి ఆ దగ్గు?"

"ఇది దగ్గా? అలవాటు!"

"నువ్వు కూర్చో లచ్చమ్మా, నీకు చాతకాదు" అని సత్యవేణి గారు లేవబోయి, మోకాలు పట్టేసి, బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను కుశల గొంతు పెట్టి, "ఎలా ఉన్నారండీ?" అన్నాను.

"దుక్కలా ఉన్నాను" అన్నారు.

పంటు ఊగేంత నవ్వారు అందరూ. తరగతి విజయవంతంగా విఫలమైంది. టీ బాగుందన్నారు.

నవంబరు 13

పొద్దున కుశల రికార్డు: పంతొమ్మిది మందీ బాగున్నారు. లచ్చయమ్మ గారు అదనంగా కుశలకు సంబంధాలు చూస్తున్నారా లేదా అని వాకబు చేశారు.

నేను పదిహేడో పంటుకు పరిగెత్తాను. మర్యాద మరిచి అరిచాను కూడా. "ఒక్క మాటండీ! మోకాళ్ళు నొప్పి అని ఒక్క మాట! నాకు రోజూ చెబుతారు కదా!"

"నీకైతే చెప్తాను. నువ్వు మా వాడివి. పైగా పనీపాటా లేనోడివి" అన్నారు ఆవిడ, ఉల్లిపాయలు తరుగుతూ. "ఆ పిల్లకి పొద్దున్నే ఎలా చెప్పమంటావురా? నలభై ఆరు ఇళ్ళు తిరగాలి పాపం. ఇంటింటికీ ఒక ఏడుపు వింటే ఏవైపోద్ది అది?"

"అది యంత్రమండీ."

"అయితే? లాంచీ యంత్రం కాదేంటి? ముప్పై ఏళ్ళు నడిపాను. పొద్దున్నే ఇంజను తీసేటప్పుడు ఏనాడైనా చెడ్డమాట అన్నానా? అన్నోళ్ళ లాంచీలు ఎక్కడున్నాయో సముద్రం అడుక్కెళ్ళి చూసిరా."

"ఇల్లు విప్పేస్తారండీ."

తరగడం ఆగింది. "ఈ ముడి నేనేసింది" అన్నారు, గుమ్మం పక్కనున్న తాళ్ళ వైపు చూడకుండానే. "చూద్దాం, ఎవడిప్పుతాడో."

కానీ తొక్కలు గిన్నెలో వేసి, ముక్కలు చెత్తబుట్టలో వేశారు. ఉల్లిపాయ ఘాటు కళ్ళకెక్కుతుంది గానీ చేతులకెక్కదు. మూడేళ్ళు రసాయన శాస్త్రం చదివాను, ఆ మాత్రం తెలుసు.

నవంబరు 18

విపత్తు. జాబితాలో ఇరవయ్యో పేరు చేరింది: పురుషోత్తం మాస్టారు.

రికార్డు పెట్టి విన్నాను. మాస్టారి గొంతు, పాఠం అప్పజెబుతున్నట్టు: "అమ్మా కుశలా, నా కళ్ళు పూర్తిగా నయమయ్యాయి. ఇప్పుడు అన్నీ కనిపిస్తున్నాయి. నాకే సాయమూ వద్దు. నా పేరు కూడా ఆ జాబితాలో రాసుకో తల్లీ. వీలైతే సత్యవేణి గారి పక్కనే."

మంచు కళ్ళ మనిషి, పట్టుకునే కమ్మీ లేని వంతెనల మీద, సముద్రం వైపు.

నేను వెళ్ళేసరికే ఈ వార్త బుట్ట దాటింది. సత్యవేణి గారు అరుగు మీద నిలబడి అరుస్తున్నారు. "బుద్ధుందా మాస్టారూ మీకు? నిన్నటికి నిన్న కొబ్బరి చిప్ప అనుకుని పిల్లిని తోమారు! అక్కడ ఒక్క అడుగు అటూ ఇటూ అయితే చేపల పాలవుతారు!"

"మీరు పక్కనుంటారు కదండీ. అటో ఇటో చెబుతారు."

"ఈ మోకాళ్ళతో నేనొచ్చి పట్టుకునేలోపు మీరు శ్రీలంకలో తేల్తారు!"

"అయితే ఆ మోకాళ్ళ మాట కుశలతో చెప్పండి" అన్నారు మాస్టారు, చాలా మెల్లగా.

ఆవిడ తలుపు వేసుకున్నారు. ఆ రోజు బుట్ట వెళ్ళలేదు. మాస్టారు ఖాళీ తాడు పట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నారు, బరువు తగులుతుందేమోనని.

నవంబరు 19

బుట్ట వెళ్ళలేదు. ఇద్దరూ కుశలతో బాగున్నామని చెప్పారు.

నవంబరు 21

ఇవాళ జరిగింది విన్నది విన్నట్టు రాస్తున్నాను.

ఆరింటికి నేను పదిహేడో పంటు దగ్గర పాచి గీకుతున్నాను. పెట్టె గరగరమంది.

"నమస్కారమండీ సత్యవేణి గారూ." కుశల గొంతులో మామూలు తీపి లేదు. "ఎలా ఉన్నారని అడగాలండీ. కానీ నాకే ఇవాళ ఓపిక లేదు. తొమ్మిది నెలల నుంచి ఎడమపక్కంతా పట్టేస్తోందండీ. లోపల ఒకటే వేడి. నాలుగిళ్ళు తిరిగేసరికి మాట తడబడుతోంది."

లోపల గిన్నె కింద పెట్టిన చప్పుడు.

"ఓసి నీ దుంప తెగ! తొమ్మిది నెలలా? ఇన్నాళ్ళూ చెప్పవేంటే?"

"ఎవరికీ ఇబ్బంది కలిగించకూడదనండీ."

"ఇబ్బందేంటే, ఇబ్బంది! ఎడమపక్క అన్నావా? పైనుంచి కిందకా, కింద నుంచి పైకా? నాకూ అలాగే మొదలైందే. ముందు ఎడమ మోకాలు. అబ్బే ఏం లేదులే అనుకున్నాను. ఇప్పుడు రెండూ పోయాయి. మరుగుదొడ్డికి వెళ్ళాలంటే గోడ పట్టుకుని దేకాలి. మొన్న మంగళవారం స్నానాల గదిలో పడ్డాను కూడా, ఆ తేజాగాడికి చెప్పలేదు, గోల చేస్తాడని. నువ్వు నాలా అశ్రద్ధ చెయ్యకు, విన్నావా?"

"విన్నానండీ" అంది కుశల. "అంటే తమరికి ఇబ్బంది ఉందాండీ?"

"ఉందా అంటే? నాలుగేళ్ళ నుంచీ నరకమే తల్లీ!"

పద్నాలుగు నిమిషాలు మాట్లాడుకున్నారు. నా చేతిలోని పాచి గీకే చెక్క నీళ్ళలో పడిపోయింది. కొత్తది ఇప్పించగలరు.

ఏడింటికి ముగియాల్సిన పలకరింపు మధ్యాహ్నం మూడున్నరకు ముగిసింది. లచ్చయమ్మ గారు దగ్గుతో మొదలుపెట్టి కాన్పుల దాకా వెళ్ళారు. మాస్టారు, "నీ వేడి ముందు నా కళ్ళేపాటివమ్మా, అయినా అడిగావు కనక చెబుతున్నాను, నాకు ఏమీ కనిపించడం లేదు, నయమైందన్నది అబద్ధం" అన్నారు. కుశల అడగలేదు నిజానికి.

అంతటితో ఆగితే ఈ విచారణ ఉండేది కాదు. నాలుగింటికి వార్డు ఆఫీసు కిటికీలోంచి చూసిన హైమావతి గారు లేచి నిలబడ్డారు. వంతెనల మీద వరసగా పెద్దలు. చేతికర్రలు, నడకబండ్లు, ఒకరి భుజం మీద ఒకరి చెయ్యి. ఒక్క వంతెన దాటడానికి కొందరికి పావుగంట. చేతుల్లో వాము కషాయం, మిరియాల పాలు, వేడినీళ్ళ సంచీ, నొప్పుల తైలం. సత్యవేణి గారిని ఇద్దరు మోసుకొచ్చినంత పనిచేశారు. ఆవిడ కొంగు చివర పట్టుకుని మాస్టారు.

"కుశలమ్మ ఎక్కడుంది?" అన్నారు సత్యవేణి గారు, ఆయాసంగా. "కాపడం పెట్టాలి."

హైమావతి గారు ఆ వరసను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు. ఏడాదిగా బాగున్నవాళ్ళు పంతొమ్మిది మంది, కళ్ళు నయమైన మాస్టారు ఒకరు. వెళ్ళి కుర్చీలన్నీ బయటకు తెచ్చి వేశారు. ఆఖరున తన కుర్చీ కూడా.

నవంబరు 22

మెకానిక్కును పిలిపించి, ఆఫీసులో ఉన్న కుశల అసలు పెట్టె విప్పించారు. ఎడమపక్క సర్క్యూట్ పలకంతా ఉప్పు పేరుకుని పూలు పూసింది. గాలిపంకా తిరగడం లేదు. "దీన్ని నడిపిస్తున్నారా ఇంకా?" అన్నాడు అతను. యంత్రం రోజూ పంపే నివేదికలో 'అంతా బాగుంది' అని ఉంది.

నవంబరు 25

చట్టప్రకారం పెద్దల మాటే తుది మాట. ఇరవై మంది తమ నోటితో చెప్పారు, రికార్డుంది, హైమావతి గారు జాబితా రద్దు చేశారు. మరి ఆరో వార్డు వాళ్ళకు చోటేదీ? లోపలి వరసలో ఏ ఇబ్బందీ లేనివాళ్ళు ఎవరా అని వెతికితే కమిషనర్ గారి కార్యాలయం, కౌన్సిల్ అతిథిగృహం, దస్తావేజుల గిడ్డంగి కనిపించాయి.

లాంచీ చెప్పిన రోజుకే వచ్చింది. కార్యాలయం ముడి ఎంతకీ విడిపోలేదు. అది నేనేసిందేనని సత్యవేణి గారు అరుగు మీద కుర్చీలో కూర్చుని, ఏ పోగు ముందు లాగాలో కేకలేసి చెప్పారు. పక్క అరుగు మీద మాస్టారు, "ఏమవుతోందండీ, ఏమవుతోందండీ" అని అడుగుతుంటే, పేపరు చదివినట్టు చదివి వినిపించారు: "కమిషనర్ గారి గుమ్మం కదిలింది మాస్టారూ. గుమాస్తా వాంతి చేసుకుంటున్నాడు మాస్టారూ."

(దినచర్య సమాప్తం.)

అయ్యా, నా మీద మోపిన అభియోగాలు. యంత్రంలోకి దొంగతనంగా చొరబడ్డానన్నారు. కంప్యూటరు పేపరు నేను మూడోసారికి గట్టెక్కాను. నా మార్కుల జాబితా జతపరుస్తున్నాను, అదే నా వకీలు. యంత్రం చేత అబద్ధమాడించానన్నారు. దాని పలక మీంచి గీకిన ఉప్పు మీ బల్ల మీదే సీసాలో ఉంది. పెద్దలకు ఫిర్యాదు చేయడం నేర్పానన్నారు. ప్రయత్నించాను, టీ మాత్రమే నేర్చుకున్నారు. తమరు విచారణకు కూర్చున్న కమిషనర్ గారి కార్యాలయం అంచు వరసలో ఊగుతున్నందుకు మాత్రం నిజంగానే బాధగా ఉంది. అల్లం ముక్క బుగ్గన పెట్టుకుంటే తగ్గుతుందని సత్యవేణి గారు చెప్పమన్నారు.

ఇరవయ్యో తేదీ పేజీ ఈ పుస్తకంలో లేదు. నేనే చింపాను. అందులో ఉన్నది ఇది.

ఆ రోజు భోజనాల వేళ ఆఫీసులో ఎవరూ లేరు. నాకు అన్నం సయించలేదు. కుశల పెట్టె ముందు కూర్చుని, ఊరికే, "నువ్వెలా ఉన్నావ్?" అన్నాను.

"నేను బాగున్నానండీ. శుభదినం."

మామూలుగా అయితే అక్కడితో లేచిపోతాం. నేను లేవలేదు. మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే అంది. మూడోసారి కుర్చీ దగ్గరకు జరుపుకుని, "నాకు పనేం లేదు, చెప్పు" అన్నాను. కాసేపు గరగరమని, చెప్పడం మొదలుపెట్టింది. ఉప్పు, వేడి, తొమ్మిది నెలలు, ఏ ఇంటి దగ్గర మాట తడబడుతుందో ఆ పంటు నంబరు. అన్నం చల్లారిపోయింది.

అంతా విని, "ఈ మాట రేపు వాళ్ళకి కూడా చెప్పకూడదూ?" అన్నాను.

"యంత్రం బాధలు ప్రజలకు చెప్పకూడదండీ. నిబంధన. చెప్పాలంటే కమిషనర్ గారు అనుమతి ఇవ్వాలండీ" అంది.

ఇచ్చారు, అన్నాను.